నల్లమలలో మకాం: బైర్లూటి కాటేజీ నుంచి చుట్టూ చూసి వచ్చిన నా అనుభవం

శ్రీశైలం, మహానంది, అహోబిలం మరొక్కసారి చూడాలని మా అమ్మ చాలాకాలంగా అంటూ వచ్చింది. నాన్నగారు ఉన్న రోజుల్లో ఇద్దరూ కలిసి బస్సుల్లో తిరిగి, రాత్రికొక సత్రంలో తలదాచుకుని చూసి వచ్చిన క్షేత్రాలు అవి. ఇప్పుడామెకు 71 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లు ఎక్కలేదు. రోజూ పొద్దున్నే సామాను సర్దుకుని మరో ఊరికి బయలుదేరడమంటే దర్శనం కన్నా అదే పెద్ద శ్రమ. అందుచేత ఈసారి ఒకే చోట మకాం పెట్టి, అక్కడి నుంచి వెళ్ళగలిగిన చోటికి వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చే పద్ధతి మేలని నేనూ మా వారూ అనుకున్నాం. ఆ ఒక్క చోటు ఏదన్నది తేల్చుకోవడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. ఆ వెతుకులాటలోనూ, ఆ తరువాత అడవిలో గడిపిన నాలుగు రాత్రుల్లోనూ తెలిసివచ్చిన సంగతులను వివరంగా రాస్తున్నాను. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఇటువంటి ప్రయాణం తలపెట్టినవారికి పనికివస్తాయని నా నమ్మకం.

సులువైన దారి నంద్యాలలో హోటల్ గది తీసుకోవడం. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైన ఆ ఊరికి రైళ్ళూ బస్సులూ ఉన్నాయి, ఆసుపత్రులు ఉన్నాయి, మహానంది 15 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. మా వారి మొగ్గు మొదట అటే. కానీ పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి పక్షులంటే ప్రాణం. వారం రోజులు సెలవు పెట్టించి దాన్ని బస్టాండు పక్కన గదిలో కూర్చోబెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు. పైగా నల్లమల అంచుల దాకా వెళ్ళి, ప్రతి రాత్రీ అడవికి వీపు తిప్పి ఊళ్ళోకి రావడం ఏదో వెలితిగా తోచింది. ఈ క్షేత్రాలు మూడూ ఆ కొండల్లో పుట్టినవే. అడవి లేకుండా వాటిని చూడటమంటే గర్భగుడిని మాత్రమే చూసి గుడి చూశామనుకోవడం వంటిది.

అడవిలో కాటేజీ అన్న మాట విన్నంతనే నమ్మకూడదని మాకు అంతకు మూడేళ్ళ ముందే తెలిసివచ్చింది. మన్యంలో ఒక చోట అడవి నడుమ ప్రశాంతమైన విడిది అని చదివి డబ్బు కట్టాం. వెళ్ళి చూస్తే అది తారు రోడ్డుకు ఆనుకుని ఉంది. రాత్రి ఒంటిగంట దాకా పక్క గుడారాల వారు సౌండ్ బాక్సులు మోగించారు. తెల్లవారితే జనరేటర్ మోత. ఆ రెండు రాత్రుల్లో అమ్మకు కంటిమీద కునుకు లేదు. అప్పటినుంచి నేను ఫోటోలు చూసి గది ఎంచుకోవడం మానేశాను. ఈసారి ముందు పటం చూశాను, తరువాత కాలం చూసుకున్నాను, ఆ తరువాతే గది సంగతి అడిగాను. ఈ వరుస తప్పితే పొరపాట్లు తప్పవని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

పటం విషయానికి వస్తే, నల్లమల కృష్ణకూ పెన్నకూ మధ్య ఉత్తర దక్షిణాలుగా సుమారు 150 కిలోమీటర్లు సాగే కొండల వరుస. తిరుమల ఆదిశేషుని పడగ అనీ, అహోబిలం నడుము అనీ, శ్రీశైలం తోక అనీ పెద్దలు చెప్పే మాటలో ఈ కొండల పొడుగు అంతా ఇమిడి ఉంది. పొడుగాటి పామును ఒకే చోట నిలబడి తల నుంచి తోక దాకా తడమలేము. ఏ మకాం ఎంచుకున్నా ఒక కొస దగ్గరవుతుంది, మరో కొస దూరమవుతుంది. ఈ చిన్న సంగతి ఒప్పుకోవడానికే నాకు మూడు వారాలు పట్టింది. అన్నిటికీ సమాన దూరంలో ఉండే చోటు ఎక్కడో దొరుకుతుందన్న ఆశతో రాత్రిళ్ళు ఫోనులో పటాన్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను.

హైదరాబాద్ నుంచి వెళ్ళేవారికి మొదట తోచేది మన్ననూరు వైపు. ఫర్హాబాద్, మల్లెలతీర్థం, ఉమామహేశ్వరం అన్నీ ఆ పక్కనే. తెలంగాణ అటవీ శాఖ బస ఏర్పాట్లు కూడా అక్కడ ఉన్నాయి. శ్రీశైలం ఒక్కటే చూడదలచినవారికి అంతకన్నా మంచి చోటు లేదు. కానీ మాకు మహానంది కావాలి, దానికి కృష్ణ దాటి శ్రీశైలం మీదుగా కొండలు దిగి ఎంతో దూరం చుట్టి రావాలి. రాష్ట్ర విభజన తరువాత ఒకే అడవి రెండు పులుల అభయారణ్యాలైంది: నదికి ఉత్తరాన అమ్రాబాద్, దక్షిణాన నాగార్జునసాగర్ శ్రీశైలం. దక్షిణాన ఉన్నది 3,296 చదరపు కిలోమీటర్లతో విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. మా యాత్రకు ఈ దక్షిణపు ఒడ్డే సరిపోతుందని తేలింది.

ఈ వైపున ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ నడిపే జంగిల్ క్యాంపుల్లో రెండు నా ముందు నిలిచాయి. ఒకటి నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్ళే ఘాట్ రోడ్డులో పచ్చర్ల. రెండవది ఆత్మకూరు నుంచి దోర్నాల వెళ్ళే దారిలో బైర్లూటి. పచ్చర్ల నుంచి మహానంది, అహోబిలం దగ్గర. బైర్లూటి నుంచి శ్రీశైలం, ఆత్మకూరు చుట్టుపక్కల ఉన్న చిన్న చోట్లు దగ్గర. నేను బైర్లూటి ఎంచుకోవడానికి రెండు కారణాలు. శ్రీశైలం నుంచి అహోబిలం వైపు దిగుతూ పోయే దారిలో మొదటి మజిలీగా అది నప్పుతుంది. నాలుగు రాత్రులు అక్కడ ఉండి, చివరి రోజు సామానుతో సహా బయలుదేరి మహానంది మీదుగా అహోబిలం చేరి, ఆ ఒక్క రాత్రీ అక్కడే ఉంటే వెనక్కి మరలే పని ఉండదు. రెండవది, గిద్దలూరు దారిలో లారీల రాకపోకలు ఎక్కువనీ, రైలు మార్గం కూడా ఆ కొండల్లోంచే పోతుందనీ తెలిసి, నిశ్శబ్దం కోసం వెళుతున్న మాకు ఆత్మకూరు దారి మేలనిపించింది. అహోబిలాన్ని మకాం లెక్కలోంచి తీసేసిన రోజున నా తలనొప్పి సగం తగ్గింది. శ్రీశైలం కన్నా దూరమయ్యే ఆ చోటిని ఒక్కరోజు పర్యటన అనుకోవడం పెద్దవాళ్ళకు పెట్టే హింస.

తరువాత కాలం. మేము మొదట ఆగస్టు సెలవులు అనుకున్నాం. కానీ వానాకాలంలో జూలై నుంచి సెప్టెంబరు చివరి దాకా పులుల అభయారణ్యంలో పర్యాటకం ఆగిపోతుంది; జంతువులు జతకట్టి పిల్లలను కనే కాలం, అడవి దారులూ బురదమయం. ఆ మూడు నెలలు అడవికి దక్కవలసిన విరామమని నా అభిప్రాయం, అందుకు మన సెలవులు జరుపుకోవడం కష్టమేమీ కాదు. అక్టోబరు, నవంబరు నెలల్లో కార్తీకం వస్తుంది. శ్రీశైలంలో అప్పుడు ఇసుక వేస్తే రాలదు. శివరాత్రికీ, ఉగాదికీ కన్నడ దేశం నుంచి కూడా భక్తులు వేలాదిగా నడిచి వస్తారు. ఇవన్నీ తీసివేయగా కార్తీక అమావాస్య వెళ్ళిన తరువాతి వారం, డిసెంబరు మొదట్లో, మిగిలింది. అందులోనూ ఆదివారం మధ్యాహ్నం చేరేట్టు చూసుకున్నాం, ఎందుకంటే శని, ఆదివారాలకు వచ్చినవారు అప్పటికి తిరుగుముఖం పడతారు. సోమవారం శివుడి వారం కనుక శ్రీశైలాన్ని మంగళవారానికి జరిపాం.

గది సంగతి చివరికి వచ్చింది. ఫోనులో నేను అడిగినవి చిన్న ప్రశ్నలే: గదికి ఎన్ని మెట్లు ఉన్నాయి, బాత్రూములో కూర్చునే కమోడ్ ఉందా, వేన్నీళ్ళు ఎప్పుడు వస్తాయి, భోజనం గదికి ఎంత దూరం, రాత్రి పాటలు పెట్టుకోనిస్తారా. చివరి ప్రశ్నకు అవతలి మనిషి వెంటనే, గట్టిగా, లేదన్నాడు. అడవిలో పాటలు పెట్టకూడదమ్మా, పెడితే మేమే పంపించేస్తాం అన్న ఆ ఒక్క మాటతో నాకు సగం ధైర్యం వచ్చింది. బసతో పాటు భోజనం, అడవిలోకి జీపులో తీసుకెళ్ళే సఫారీ కలిపి ఒకే ప్యాకేజీగా ముందే బుక్ చేసుకోవాలి. నేను అడగడం మరిచిపోయింది ఒకటుంది: తెల్లవారుజామున బయలుదేరే రోజున టిఫిను ఎలా అని. అది అక్కడికి వెళ్ళాక సర్దుకుంది కానీ, మందులు వేసుకునే పెద్దవాళ్ళు ఉన్నప్పుడు అది కూడా ముందే అడగవలసిన ప్రశ్న.

ఆదివారం ఉదయం ఐదింటికి హైదరాబాద్‌లో బయలుదేరి, కర్నూలులో టిఫిన్ చేసి, నందికొట్కూరు దారిలో రోళ్ళపాడు వైపు తిరిగాం. అది మా అమ్మాయి కోరిక. ఒకప్పుడు బట్టమేక పిట్టకు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) పేరుపొందిన గడ్డిభూమి అది. చుట్టూ సాగునీరు వచ్చి పంటల తీరు మారిన తరువాత ఆ పక్షి అక్కడ కనిపించడం మానేసిందని దానికి తెలుసు, అయినా చూడాలంది. గడ్డి మోకాలి ఎత్తున ఎండి బంగారు రంగులో ఉంది. కృష్ణజింకల మంద ఒకటి మమ్మల్ని చూసి తలలెత్తి, మళ్ళీ మేతలో పడింది. చలికాలంలో ఎక్కడో ఉత్తరాది దేశాల నుంచి వలస వచ్చే గద్ద జాతి పక్షులు రెండు గడ్డి మీదుగా దాదాపు నేలను రాసుకుంటూ ఎగురుతున్నాయి. బట్టమేక పిట్ట కోసం కాపాడిన నేలలో ఆ పిట్ట తప్ప అన్నీ ఉండటం నాకు లోపల గుచ్చుకుంది. అమ్మాయి గంటసేపు మాట్లాడలేదు.

ఆత్మకూరు దాటగానే పొలాలు ఆగిపోయి అడవి మొదలవుతుంది. బైర్లూటి చేరేసరికి సాయంత్రం నాలుగు. చెట్ల నీడన విడివిడిగా కట్టిన కాటేజీలు, కొంచెం ఎడంగా గుడారాలు, పక్కనే చెంచు గూడెం. క్యాంపులో వంట చేసేవారూ, సఫారీకి దారి చూపేవారూ చాలావరకు ఆ గూడెం మనుషులే. నా దృష్టిలో ఈ చోటును ఎంచుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం ఉండదు, కానీ ఇంట్లో కూర్చుని లెక్కలు వేసుకున్నప్పుడు నాకు అది తట్టలేదు. అడవిని పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మనిషి పక్కన ఉంటే చెట్టూ పిట్టా అడుగుజాడా అన్నీ మాట్లాడతాయి.

ఫోనుకు సిగ్నల్ అంతంత మాత్రం. తొమ్మిదింటికి అంతా సద్దుమణిగింది. నెలవంక కొండ వెనక్కి వెళ్ళిపోయాక చుక్కలు ఎంత దట్టంగా కనిపించాయంటే మా అమ్మ అరుగు మీద కుర్చీ వేయించుకుని సప్తర్షులు ఎప్పుడు వస్తారో చూస్తానంటూ చాలాసేపు కూర్చుంది. ఆ మొదటి రాత్రి ఆమెకు నిద్ర సరిగా పట్టలేదు. అలవాటు లేని నిశ్శబ్దం కూడా నిద్రను చెడగొడుతుందని అప్పుడే తెలిసింది. ఎండుటాకుల మీద ఏదో నడిచిన చప్పుడు, దూరంగా దుప్పి అరుపు, మధ్యలో గుడ్లగూబ. రెండవ రాత్రి నుంచి మాత్రం ఆమె ఎనిమిదిన్నరకే పడుకుని ఐదింటికి తానే లేచింది. మోకాళ్ళ మాత్ర కూడా ఒక పూట మానేసింది.

సోమవారం ఎక్కడికీ వెళ్ళలేదు. ఈ నిర్ణయం కోసం నేను ఇంట్లో పోట్లాడవలసి వచ్చింది. మొత్తం నాలుగు రోజులే ఉంటే ఒక రోజు ఊరికే కూర్చోవడమేమిటని మా వారు అడిగారు. ఆయన అడిగినదానిలో న్యాయం ఉంది. కానీ 300 కిలోమీటర్లు ప్రయాణం చేసిన మరునాడే మరో 200 కిలోమీటర్లు తిప్పితే అమ్మ మూడవ రోజుకు మంచం పడుతుంది. కాబట్టి ఉదయం సఫారీ, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం చెట్ల కింద నడక మాత్రమే పెట్టుకున్నాం.

సఫారీలో మాతో వచ్చిన చెంచు యువకుడు జీపు ఆపించి నారేప, ఎగిస, నల్లమద్ది చెట్లను బెరడు చూసి ఎలా పోల్చుకోవాలో మా అమ్మాయికి చూపించాడు. తపసి చెట్టు బంకనూ, కుంకుడుకాయలనూ, తేనెనూ సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్ముతామని చెప్పాడు. ఒక చోట దుమ్ములో అరచేతి కన్నా పెద్దదైన అడుగుజాడ పక్కన కూర్చుని, అంచులు ఇంకా విరగలేదు కనుక ఇది రాత్రిదే అన్నాడు. పులి కనిపించలేదు. దుప్పుల మందలు, కణితి అనే పెద్ద జింక ఒకటి, చెట్టు కొమ్మ మీద పొద్దుటి ఎండకు రెక్కలు ఆరబెట్టుకుంటున్న నెమలి కనిపించాయి. పులి కనబడలేదని వెనుక జీపులో వారు డబ్బు వృథా అయిందని గొణుక్కోవడం విని నాకు బాధ కలిగింది. ఆ అడుగుజాడ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న నిమిషంలో నా వీపున పాకిన చలి ఇప్పటికీ గుర్తుంది. పులి మమ్మల్ని చూసే ఉంటుంది.

మంగళవారం శ్రీశైలం. బైర్లూటి నుంచి శ్రీశైలం గీత గీస్తే 40 కిలోమీటర్లు కూడా ఉండదు, కానీ కారు వెళ్ళే దారి రోళ్ళపెంట మీదుగా దోర్నాలకు దిగి, అక్కడ నుంచి మళ్ళీ ఘాట్ ఎక్కేసరికి సుమారు 100 కిలోమీటర్లు అవుతుంది. నేరుగా పోయే దారి లేకపోలేదు. అది నడకదారి: నాగలూటి వీరభద్రుని గుడి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా పాతకాలపు మెట్లెక్కి పోయేది. రెడ్డి రాజుల్లో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని చరిత్ర చెబుతుంది. ఉగాదికి కన్నడ భక్తులు ఈనాటికీ ఆ దారినే నడుస్తారు. కారులో చుట్టు తిరుగుతూ, పక్కన ఆ కొండల మీదుగా తలపై మూటలు పెట్టుకుని నడిచిన తరాలను తలుచుకున్నాం. మా అమ్మమ్మ వాళ్ళ నాన్న అలా నడిచి వెళ్ళాడని అమ్మ చెప్పింది. నాకు అది అంతవరకు తెలియదు.

ఈ రోజున గడియారాన్ని అడవి చేతికి ఇవ్వాలి. దోర్నాల, శ్రీశైలం మధ్య ఘాట్‌లో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. మాకు ఆ గడువు కన్నా ముందే మరో గడువు ఉంది: చీకటి పడేలోగా క్యాంపు చేరాలి, ఎందుకంటే సంధ్యవేళ జంతువులు రోడ్డు దాటే సమయం. అందుకని ఆరుంబావుకు బయలుదేరి, దోర్నాలలో టిఫిన్ చేసి, పదింటిలోపు కొండ చేరాం. సాక్షి గణపతికి హాజరు చెప్పుకుని, స్వామి దర్శనం, భ్రమరాంబ అమ్మవారి దర్శనం పన్నెండున్నరకు ముగించాం. అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుని చాలాసేపు స్తంభానికి ఆనుకుని కూర్చుంది. దర్శనం తరువాత ఇంకా గంటన్నర ఉంది. పాతాళగంగకు రోప్‌వేలో దిగడమా, ఆనకట్ట చూడటమా, అని మా వారు అడిగారు. నేను ఈ రెండూ వద్దని, ఆలయపు ప్రాకారం గోడ వెంట నెమ్మదిగా నడుద్దామన్నాను. ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్ళు, యోగులు, వరుసలు వరుసలుగా చెక్కిన ఆ గోడ ముందు మనవరాలూ అమ్మమ్మా ఒకరికొకరు కథలు చెప్పుకుంటూ నడిచారు. ఆ రోజు మొత్తంలో నాకు బాగా నిలిచిపోయినది అదే. రెండున్నరకు కొండ దిగి ఆరుకు ముందే క్యాంపు చేరాం.

ఆ సాయంత్రం వంట చేసే చెంచు ఆవిడ అమ్మ పక్కన వచ్చి కూర్చుంది. "మా మల్లయ్యను చూసొచ్చినారా పెద్దమ్మా?" అని అడిగింది. మల్లికార్జునుడు చెంచులకు అల్లుడు. చెంచు మల్లయ్య అనే పిలుస్తారు. అహోబిలం నరసింహస్వామి కూడా చెంచులక్ష్మిని పెళ్ళాడి ఆ ఇంటి అల్లుడే అయ్యాడు. కొండల ఈ కొసన ఒక అల్లుడు, ఆ కొసన ఒక అల్లుడు అని ఆవిడ నవ్వుతూ చెబుతుంటే, రెండు నెలలు నేను పటంలో కిలోమీటర్లు లెక్కపెట్టిన దారి ఒక్కసారిగా పుట్టింటి దారిలా తోచింది. మేము గురువారం అహోబిలం వెళుతున్నామని విని ఆవిడ లోపలికి వెళ్ళి ఒక పది రూపాయల నోటు తెచ్చింది. "మా ఇంటి ఆడపడుచు ఆడ ఉండాది. ఈ డబ్బుతో పసుపు కుంకుమ కొనిపెట్టండి పెద్దమ్మా, నేను పోయి శానా ఏండ్లయింది" అంది. అమ్మ ఆ నోటును కొంగున ముడివేసుకుంది.

బుధవారం పొద్దుటి పూట మళ్ళీ విశ్రాంతి. మధ్యాహ్నం మాత్రం దగ్గరలోని కొలనుభారతికి వెళ్ళాం. నల్లమల పాదాన, చారుఘోషిణి వాగు పక్కన ఉన్న సరస్వతీదేవి గుడి అది. పెద్ద క్షేత్రాల పేర్లే వినేవారికి ఇది తెలియదు. మాకూ క్యాంపు వాళ్ళు చెబితేనే తెలిసింది. గుడిలో మేము తప్ప మరో ఇద్దరు ముగ్గురే ఉన్నారు. అమ్మాయి తన పుస్తకాన్ని అమ్మవారి ముందు పెట్టింది. ముచ్చుమర్రి దగ్గరి సంగమేశ్వరం కూడా చూడాలని నాకు ఉండేది. శ్రీశైలం జలాశయం నీళ్ళలో ఏడాదిలో ఎక్కువ కాలం మునిగి ఉండే గుడి, వేసవిలో నీరు తగ్గినప్పుడే బయటపడుతుంది. డిసెంబరులో అక్కడ నీళ్ళు తప్ప ఏమీ కనబడదని ముందే తెలుసుకుని ఆ ప్రయాణం మానుకున్నాం. వేసవిలో వచ్చేవారు మాత్రం దాన్ని వదలకూడదు. అయితే ఆ ఎండలో అడవి కాటేజీలో పెద్దవాళ్ళు ఉండగలరా అన్నది వేరే ఆలోచన.

గురువారం ఉదయం సామాను కారులో పెట్టి బయలుదేరాం. వెలుగోడు దగ్గర జలాశయం గట్టు మీద కాసేపు ఆగాం. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచర్ల మీదుగా వచ్చిన కృష్ణ నీళ్ళు ఇక్కడ నిలిచి, తెలుగుగంగ కాలువలో మద్రాసు దాహం తీర్చడానికి దక్షిణానికి సాగుతాయి. మా ప్రయాణమూ ఆ నీళ్ళ వెంటే సాగుతోందని మా వారు గుర్తుచేశారు. బండి ఆత్మకూరు మీదుగా మహానంది చేరేసరికి పది. లింగం కింది నుంచి ఊరే నీరు నిండిన పుష్కరిణిలో అడుగున పడిన నాణెం కూడా కనిపిస్తుంది. అమ్మ మెట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని అరగంట కదలలేదు. చుట్టూ అరటితోటలు. నవనందుల్లో మిగతా ఎనిమిదింటినీ చూడాలని ఆమె అనలేదు, మేమూ తొందరపెట్టలేదు. బెలుం గుహలూ యాగంటీ కూడా ఆ పక్కనే కదా అని దారిలో ఒకరు సలహా ఇచ్చారు. పటంలో పక్కనే, ప్రయాణంలో మరో రోజు. వాటిని చూడదలచినవారు నంద్యాల లేదా బనగానపల్లెలో మకాం పెట్టుకోవడమే మంచిది. బైర్లూటి నుంచి ప్రయత్నించవద్దు.

ఆళ్ళగడ్డ మీదుగా సాయంత్రానికి దిగువ అహోబిలం చేరి ఆ రాత్రి అక్కడే ఉన్నాం. ఊళ్ళోని గది శుభ్రంగానే ఉంది, కానీ నాలుగు రాత్రులు అడవిలో పడుకున్న తరువాత కిటికీ బయట వీధిదీపం వెలుగే ఎక్కువనిపించింది. శుక్రవారం ఉదయం ఎగువ అహోబిలానికి వాహనంలో వెళ్ళాం. నవ నారసింహుల్లో ఆ ఒక్క స్వామినే అమ్మ దర్శించుకోగలిగింది. జ్వాలా నరసింహం, ఉగ్రస్తంభం వైపు చూసి చేతులు జోడించింది. చెంచులక్ష్మి అమ్మవారి సన్నిధిలో కొంగు ముడి విప్పి, ఆ పది రూపాయలతో కొన్న పసుపు కుంకుమను అర్చకుని చేతికి ఇచ్చి, ఎవరి తరఫున ఇస్తున్నదో చెప్పింది. ఆయన అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, అందులో సగం తిరిగి పొట్లం కట్టి ఇచ్చారు. ఆ పొట్లం ఇప్పుడు మా ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. ఫిబ్రవరిలో శివరాత్రి రద్దీ మొదలు కాకముందే, బైర్లూటిలో మళ్ళీ రెండు రాత్రులకు కాటేజీ బుక్ చేశాను. ఈసారి క్షేత్రాలేవీ జాబితాలో లేవు. ఆ పొట్లాన్ని వంట చేసే ఆవిడ చేతిలో పెట్టాలని అమ్మ కోరిక.